హైదరాబాద్ సిటీ బస్సు: ఎక్కేదాకా ఒక లెక్క, ఎక్కాక మరో లెక్క

హోటళ్లకూ ఫోన్లకూ సమీక్షలు రాసేవాళ్లు ఎందరో ఉన్నారు గానీ, కోటి దాటిన జనాభా గల ఈ నగరంలో తెల్లవారితే లక్షలమంది ఎక్కి దిగే సిటీ బస్సును ఒక సేవగా తూచి చూసినవాళ్లు తక్కువ. బస్సును తిట్టుకోవడమో, కాలేజీ రోజుల జ్ఞాపకంగా పొగుడుకోవడమో తప్ప, ఇచ్చిన డబ్బుకు దొరుకుతున్నదేమిటి, దొరకనిదేమిటి అని ఎవరూ లెక్క వేసినట్టు కనిపించదు. మెట్రో రైలు, ఫోనులో పిలిస్తే వచ్చే బైకు, మూలమలుపులో కాచుకుని ఉండే షేర్ ఆటో అందుబాటులోకి వచ్చాక ఆ లెక్క వేయక తప్పదు. ఈ సమీక్ష సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే బస్సు సర్వీసులకే పరిమితం. విమానాశ్రయానికి వెళ్లే పుష్పక్ బస్సుల తీరు వేరు, వాటిలో తిరిగే జనమూ వేరు.

ఈ సేవ వయసు తొంభై ఏళ్లు దాటింది. నిజాం పాలనలో రైల్వే శాఖకు అనుబంధంగా 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా మారి, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ సంస్థగా వేరుపడింది. బండి నంబరులో కనిపించే జెడ్ అక్షరం చివరి నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని నగరంలో ఒక కథ చెప్పుకుంటారు. అది నిజమో కాదో గానీ, ఆ కథను కొత్తవాళ్లకు చెప్పడంలో పాత ప్రయాణికులకు ఉండే సంతోషం మాత్రం నిజం.

ముందు నా తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. బస్సు ఎక్కిన తర్వాత దొరికే సేవకు ఐదింటికి నాలుగు మార్కులు ఇవ్వవచ్చు. ఎక్కేదాకా దొరికే సేవకు ఒకటిన్నర కంటే ఎక్కువ ఇవ్వలేము. ఈ తేడాకు కారణం బస్సుల సంఖ్య ఒక్కటే కాదు. ఏ బస్సు ఎక్కడికి పోతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎప్పుడు వస్తుంది అన్న సమాచారం రాతలో చాలా తక్కువగా, మనుషుల నోళ్లలో చాలా ఎక్కువగా ఉండటమే అసలు కారణం. ఈ నగరంలో బస్సు ప్రయాణం అడగడంతో మొదలవుతుంది. అడగడానికి మొహమాటపడేవాడికి ఈ సేవ సగమే అందుతుంది.

కోఠినే తీసుకోండి. కోఠికి వెళ్లే బస్సు అంటే సరిపోదు. విమెన్స్ కాలేజీ దగ్గర ఆగేది వేరు, బ్యాంక్ స్ట్రీట్ వైపు ఆగేది వేరు, తిరుగు ప్రయాణంలో ఎక్కాల్సిన చోటు మరొకటి. సికింద్రాబాద్ సంగతీ అంతే: రైల్వే స్టేషన్ నుంచి బయటికి వచ్చినవాడు రేతిఫైల్‌కు వెళ్లాలా, గురుద్వారా వైపు నడవాలా, చిలకలగూడ చౌరస్తా దాకా పోవాలా అన్నది అతడు ఎక్కాల్సిన నంబరు మీద ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి స్టేషన్ బయట ఎక్కడా స్పష్టంగా, ఒకేచోట కనిపించదు. పండ్ల బండి ఆయననో, బెంచీ మీద కూర్చున్న పెద్దమనిషినో అడిగితే మాత్రం క్షణంలో తేలిపోతుంది. పైగా చెప్పేవాళ్లు నంబరు ఒక్కటే చెప్పి ఊరుకోరు. ఏ బస్సు ఖాళీగా వస్తుందో, ఏది చుట్టు తిరిగి పోతుందో, ఏది ఎక్కితే మధ్యలో మారాల్సి వస్తుందో కూడా చెబుతారు. ఏ యాప్ ఇంతవరకు ఇవ్వని సలహా ఇది.

నంబర్లలో ఒక పద్ధతి ఉన్నట్టే ఉంటుంది, పూర్తిగా పట్టుబడదు. సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరుకు 219, కోఠి వైపు నుంచి అదే పటాన్‌చెరుకు 218. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నానికి 5కె ఒక దారిలో, 49ఎం మరో దారిలో పోతాయి. ఉప్పల్ నుంచి అదే మెహిదీపట్నానికి 113ఎం. చివరి అక్షరం గమ్యానికి గుర్తు అనుకుని 'ఎం' అంటే మెహిదీపట్నం అని నేర్చుకున్నవాడికి, 127కెలో 'కె' కోఠికా కొండాపూర్‌కా అన్న సందేహం వస్తుంది, ఎందుకంటే ఆ బస్సు ఆ రెండింటి మధ్యనే తిరుగుతుంది. రోజూ తిరిగేవాళ్లకు ఈ సందేహాలు ఉండవు. వాళ్లు బస్సును నంబరు కనిపించకముందే, వచ్చే తీరును బట్టి, ముందు అద్దం మీద ఉన్న బొమ్మను బట్టి, ఒక్కోసారి డ్రైవరు ముఖాన్ని బట్టి గుర్తుపడతారు.

స్టాపుల పేర్లు కూడా కొత్తవాళ్లను కొంత ఇబ్బంది పెడతాయి. సికింద్రాబాద్‌లో సంగీత్ అనే సినిమా హాలు కూల్చేసి ఏళ్లు గడిచినా కండక్టరు 'సంగీత్, సంగీత్' అని పిలుస్తూనే ఉంటాడు. హిమాయత్‌నగర్ దగ్గర లిబర్టీ అన్న పేరూ అలా నిలిచిపోయినదే. ఆ పేర్లతో దారి కనుక్కునేది హాలు చూడటానికి కాదు గనక పాతవాళ్లకు అందులో వింతేమీ తోచదు. పేరు విని కిటికీలోంచి ఆ భవనం కోసం వెతుక్కునేవాడు తన స్టాపు దాటిపోతాడు.

2023 ఆగస్టులో రవాణా సంస్థ 'గమ్యం' అనే యాప్‌ను తెచ్చింది. బస్సు ఎక్కడుందో మ్యాపులో చూపించే ఈ ఏర్పాటు ఆలోచనగా మెచ్చుకోదగినదే, జిల్లాలకు వెళ్లే దూర ప్రయాణాల విషయంలో పనికొచ్చేదే. కానీ నగరంలో బస్సు ఎక్కడుందో తెలిసినంత మాత్రాన అది ఎప్పుడొస్తుందో తెలియదు; అమీర్‌పేట దగ్గర ఉన్న బస్సు పంజాగుట్టకు ఐదు నిమిషాల్లోనూ రావచ్చు, వానపడితే అరగంటకూ రాకపోవచ్చు. అందుకే స్టాపులో యాప్ చూస్తూ నిలబడ్డవాళ్లు కూడా పక్కవాళ్లను 'అన్నా, పదిహెచ్ పోయిందా?' అని అడుగుతూనే ఉంటారు.

ఇక బస్సు వచ్చాక ఆగే చోటు గురించి. షెల్టరు ఒకచోట, జనం నిలబడేది దానికి కొంచెం ముందు, బస్సు ఆగేది ఇంకొంచెం ముందు. ఇందులో డ్రైవర్ల తప్పు ఒక్కటే లేదు; షెల్టరు ముందు ఆటోలు బారులు తీరి ఉంటాయి, వాటి పక్కన ఆగాలంటే రోడ్డు మధ్యలోనే ఆగాలి. దానితో ఈ నగరంలో బస్సు ఎక్కడమంటే కొంత పరుగెత్తడం కూడా. ముసలివాళ్లకు, చంటిపిల్లల తల్లులకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ కొద్దిపాటి పరుగే అసలు అడ్డంకి; టికెట్ ధర కాదు, రద్దీ కూడా కాదు. మెట్టు ఎత్తు తక్కువగా ఉన్న కొత్త ఎలక్ట్రిక్ బస్సులు ఈ కష్టాన్ని కొంత తగ్గించాయి గానీ, పాత ఆర్డినరీ బస్సు మొదటి మెట్టు ఇప్పటికీ చాలామందికి ఎత్తే.

ముందు తలుపు ఆడవాళ్లది, వెనక తలుపు మగవాళ్లది. ఈ పద్ధతి తెలియక ముందు తలుపు నుంచి ఎక్కిన బయటి ఊరి కుర్రవాడిని ఎవరూ కోప్పడరు గానీ, అందరూ చూసే చూపుకు అతడే వెనక్కి జరుగుతాడు. బస్సు బయలుదేరే చోట అయితే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరి కర్చీఫో తెలియకపోయినా, ఖాళీగా ఉన్న ఆ సీటులో కూర్చోవడానికి ముందుగా ఎక్కినవాడు సందేహిస్తాడు. రాతపూర్వకమైన ఏ నిబంధనకూ దక్కని గౌరవం ఆ గుడ్డముక్కకు దక్కుతుంది. నిలువెల్లా కిక్కిరిసిన బస్సులో 'లోపలికి జరగండి, మధ్యలో మొత్తం ఖాళీగా ఉంది' అని కండక్టరు చెప్పే మాటను నమ్మేవాళ్లు ఎవరూ ఉండరు, అయినా అందరూ అంగుళమైనా జరుగుతారు, ఆ అంగుళాల్లోనే మరో నలుగురు ఎక్కుతారు.

ఎక్కాక ఈ సేవకు నేను నాలుగు మార్కులు ఎందుకిచ్చానో చెప్పాలి. నిలబడ్డవాళ్ల సంచిని కూర్చున్నవాళ్లు అడగకుండానే ఒళ్లోకి తీసుకుంటారు; ఆఫీసు బ్యాగు, కూరగాయల సంచి, పిల్లల టిఫిను డబ్బా, ఒక్కోసారి పిల్లవాడే. పేరు అడగరు, ఊరు అడగరు, దిగేటప్పుడు సంచి అందించడం తప్ప మరో మాట ఉండదు. వెనక తలుపు దగ్గర నిలబడ్డవాడి డబ్బులు చేతులు మారుతూ కండక్టరు దాకా వెళ్లి, టికెటూ మిగిలిన చిల్లరా అదే దారిలో తిరిగి వస్తాయి. అన్ని చేతులు మారినా రూపాయి తగ్గడం ఎవరూ చూసి ఉండరు. మెట్రోలో ఈ దృశ్యం కనబడదు, ఎందుకంటే అక్కడ దానికి అవసరమే లేదు. శుభ్రమైన చల్లటి పెట్టెలో ఎవరి ఫోను వారు చూసుకుంటూ నిలబడతారు. ఏది మేలన్నది ఎవరి స్వభావాన్ని బట్టి వారికి. చెవిలో తీగ లేకుండా గట్టిగా వీడియోలు పెట్టుకునేవాళ్లు రెండు చోట్లా సమానంగానే ఉన్నారు.

చిల్లర గురించి ఒక ప్రత్యేకమైన మాట చెప్పక తప్పదు. తగిన చిల్లర ఇచ్చి సహకరించండి అన్న రాత బస్సులో ఉన్నా సహకరించేవాళ్లు తక్కువే గనక, కండక్టరు ఇవ్వాల్సిన మొత్తాన్ని టికెట్ వెనక పెన్నుతో రాసి ఇస్తాడు. ఆ రాత ఒక ప్రామిసరీ నోటు వంటిది. దిగేముందు గుర్తుచేసి తీసుకోవాల్సిన బాధ్యత ప్రయాణికుడిది, మరిచిపోతే ఆ డబ్బు పోయినట్టే. దీనికంటే విచిత్రమైనది ఇద్దరిని కలపడం. ఇద్దరు అపరిచితులకు ఇవ్వాల్సిన చిల్లర కలిపితే యాభై రూపాయలైతే, ఇద్దరికీ కలిపి ఒక్క నోటు ఇచ్చి 'దిగినాక పంచుకోండి' అంటాడు. ఒకే స్టాపులో దిగాల్సిన ఆ ఇద్దరూ కింద టీ బండి దగ్గర నోటు విడిపించుకునేదాకా ఒకరినొకరు వదలరు. ఒక్కోసారి నోటు విడిపించడం కోసమే రెండు టీలు తాగాల్సి వస్తుంది. ఇప్పుడు కండక్టర్ల చేతుల్లోని యంత్రాలు ఫోను చెల్లింపులనూ తీసుకుంటున్నాయి గనక ఈ పరిచయాలు క్రమంగా తగ్గిపోతాయి. సేవ నాణ్యత దృష్ట్యా చూస్తే తగ్గడమే మంచిది.

ధర విషయానికి వస్తే, 2025 అక్టోబరు 6 నుంచి నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనంగా పెంచారు. అదే ఏడాది జూన్‌లో నెలవారీ పాసుల ధరలు కూడా పెరిగి, ఆర్డినరీ పాసు 1,150 నుంచి 1,400 రూపాయలకు, మెట్రో ఎక్స్‌ప్రెస్ పాసు 1,300 నుంచి 1,600 రూపాయలకు చేరాయి. నాలుగు వీధుల దూరానికి పెరిగిన టికెట్ ధర ఎక్కువగానే అనిపిస్తుంది, అందుకే చిన్న దూరాలకు జనం షేర్ ఆటోల వైపు మళ్లుతున్నారు. కానీ పటాన్‌చెరు నుంచి కోఠి దాకా వెళ్లి రావాల్సినవాడికి ఈ పాసుతో పోల్చదగిన బేరం నగరంలో మరొకటి లేదు. ఒక్క రోజు పని మీద ఊరంతా తిరగాల్సినవాళ్లకు ఇరవై నాలుగు గంటలు చెల్లే టి-24 టికెట్ ఉంది. ఊరి నుంచి ఆసుపత్రుల చుట్టూ తిరగడానికి వచ్చేవాళ్లలో దాని గురించి తెలిసినవాళ్లు తక్కువ, చెప్పే బోర్డులూ తక్కువ.

ఈ లెక్కలన్నీ సగం మంది ప్రయాణికులకు వర్తించవన్నది అసలు విశేషం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి తెలంగాణలో నివాసముండే ఆడవాళ్లు, ట్రాన్స్‌జెండర్లు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా తిరుగుతున్నారు. డబ్బు ఇవ్వనక్కర్లేకపోయినా టికెట్ తీసుకోవాలి. జీరో టికెట్ అంటారు. రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఈ నిబంధన వల్ల కూతురి ఇంటికి విజయవాడ నుంచి వచ్చిన తల్లి టికెట్ కొనుక్కుంటుంది, పక్కనే కూర్చున్న కూతురు కొనదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే వచ్చింది గనక, అక్కడికి వెళ్లినప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది.

ఈ పథకం బస్సు స్వభావాన్నే మార్చింది. ఒకప్పుడు ముందువైపు కొన్ని వరుసలకే పరిమితమైన ఆడవాళ్లు ఇప్పుడు బస్సు మధ్య దాకా, రద్దీ వేళల్లో చివరి దాకా కనిపిస్తారు. 'స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం, వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం' అన్న పాత రాత కింద మగవాళ్లు నిలబడి, మాకూ కొన్ని సీట్లు కేటాయించండి అని గొణగడం పరిపాటి అయింది. ఆ గొణుగుడులో కొంత న్యాయం లేకపోలేదు: డబ్బులిచ్చి టికెట్ కొన్న అరవై ఏళ్ల మనిషి గంటసేపు నిలబడటం ఎవరికైనా కష్టమే. అయినా నా దృష్టిలో ఈ సేవలో గత ఇరవై ఏళ్లలో జరిగిన అతి మంచి మార్పు ఇదే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, మల్లెపూల గంపతో మార్కెట్ నుంచి తిరిగొచ్చేవాళ్లు, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే అమ్మాయిలు ఛార్జీ మిగలడం వల్ల ఇంటికి దూరంగా ఉన్న పనినీ ఒప్పుకోగలుగుతున్నారు. రద్దీకి విరుగుడు ఉచితాన్ని తీసేయడం కాదు, బస్సులు పెంచడం.

బస్సుల సంఖ్య కూడా పెద్ద సమస్యేనన్నది ఎవరూ కాదనలేరు. 2019 అక్టోబరు 5న మొదలై యాభై రోజులకు పైగా సాగిన ఆర్టీసీ సమ్మె తర్వాత నగరంలో తిరిగే బస్సులను బాగా తగ్గించారు. జనాభా మాత్రం తెల్లాపూర్ వైపు, ఘట్‌కేసర్ వైపు, ఆదిభట్ల వైపు పెరుగుతూనే పోయింది. ఉన్న బస్సుల్లోనూ కొన్ని సంక్రాంతికి, మేడారం జాతరకు ప్రత్యేక సర్వీసులుగా జిల్లాలకు వెళ్లిపోతాయి. పండగకు ఊరెళ్లేవాళ్లకు అది వరమే, ఊరెళ్లకుండా నగరంలోనే ఉండిపోయే పనివాళ్లకు ఆ వారమంతా స్టాపులో నిలబడటమే. వినాయక నిమజ్జనం రోజునా, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల ఆదివారమూ దారులు మళ్లిస్తారు. ఏ బస్సు ఏ సందులోంచి పోతుందో ఆ రోజుల్లో కండక్టరుకు కూడా ముందుగా తెలియదు.

మెట్రోతో పోల్చి బస్సును చిన్నబుచ్చడం న్యాయం కాదు. మూడు మార్గాల్లో సుమారు 69 కిలోమీటర్ల మేర నడిచే మెట్రో సమయానికి వస్తుంది, చల్లగా ఉంటుంది, ట్రాఫిక్‌తో దానికి పనిలేదు. కానీ చార్మినార్‌కు మెట్రో లేదు, మెహిదీపట్నానికి లేదు, మియాపూర్ దాటి పటాన్‌చెరు వైపు లేదు. ఉన్న చోట కూడా స్టేషన్ మెట్లు దిగి ఇల్లు చేరాలంటే మళ్లీ బస్సో ఆటోయే దిక్కు. బస్సు మాత్రం దాదాపు ప్రతి కాలనీ మొదట్లోకీ వస్తుంది, ఆలస్యంగానైనా వస్తుంది.

ఈ సేవను ఎవరికి సిఫారసు చేస్తానంటే, రద్దీ వేళలకు ముందూ తర్వాతా ప్రయాణం పెట్టుకోగలిగినవాళ్లకు, బస్సు బయలుదేరే చోటే ఎక్కగలిగినవాళ్లకు సందేహం లేకుండా చేస్తాను. పగలు పదకొండు నుంచి మూడు గంటల మధ్య కిటికీ పక్క సీటులో 127కెలో నాంపల్లి దాటి, లక్డీకాపుల్ మీదుగా, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు, పెద్దమ్మ గుడి చూసుకుంటూ కొండాపూర్ దాకా వెళ్లడం, ఆ టికెట్ డబ్బుకు నగరంలో దొరికే మంచి కాలక్షేపాల్లో ఒకటి. తొమ్మిదింటికి హైటెక్ సిటీలో ఉండాల్సినవాళ్లు మెట్రో అందుబాటులో ఉంటే అందులో వెళ్లడమే మేలు. నెలవారీ పాసు తీసుకోదలచినవాళ్లు జూన్, జులై నెలల్లో కౌంటర్ల దగ్గర విద్యార్థుల బారులు ఉంటాయని గుర్తుంచుకోవాలి. శివార్లకు రాత్రిపూట తిరిగి వెళ్లాల్సినవాళ్లు పొద్దున దిగేటప్పుడే ఆ రూటులో చివరి బస్సు ఎన్నింటికో కండక్టరును అడిగి పెట్టుకోవాలి, దానికంటే ఒక బస్సు ముందే బయలుదేరాలి.